పాత సంచిలో దొరికిన ఐదు ఫిల్టర్లు: ఏది ఉంచుకోవాలి, ఎలా వాడాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. సెకండ్ హ్యాండ్‌లో 35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే చూసి తీసే) కెమెరా, 50 ఎంఎం లెన్స్ కొన్నారు. సంచి అడుగున ఐదు ఫిల్టర్లు దొరికాయి. అంచుల మీద వై2, ఆర్60, 80ఏ, పీఎల్, స్కైలైట్ 1బీ అని ఉంది. ఎక్కువగా బ్లాక్ అండ్ వైట్ తీస్తారు, అప్పుడప్పుడు కలర్ నెగటివ్. ఏది దేనికి, కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫిల్మ్‌కు ఇచ్చే వెలుగును, మళ్లీ మనం పెంచాలా, అసలు ఇదంతా స్కాన్ చేశాక కంప్యూటర్‌లో చేసుకోలేమా అన్నవి మీ సందేహాలు.

చివరి సందేహం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగతావి వాటంతట అవే తేలతాయి. కలర్ ఫోటోను తర్వాత బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేటప్పుడు ఎరుపును తేలిక చేయొచ్చు, నీలాన్ని ముదురు చేయొచ్చు. అందులో రంగు సమాచారం ఇంకా ఉంది కాబట్టి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో ఆ సమాచారం ఉండదు. ఎర్ర గులాబీ, దాని వెనక పచ్చటి ఆకు రెండూ ఒకే బూడిద రంగులో పడ్డాయనుకోండి, ఆ రెండింటినీ ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. అక్కడ పువ్వేదో, ఆకేదో ఫిల్మ్‌కే తెలియదు. ఎరుపు ఫిల్టర్ పెట్టి తీస్తే పువ్వు తెల్లగా, ఆకు నల్లగా వస్తాయి. ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే సరిగ్గా తిరగబడుతుంది. ఆ నిర్ణయం షట్టర్ నొక్కకముందే జరిగిపోవాలి. బ్లాక్ అండ్ వైట్‌లో ఫిల్టర్ పని ఇంతే. తన రంగును తేలిక చేస్తుంది, తనకు ఎదురు రంగును ముదురు చేస్తుంది.

కాబట్టి వై2ను రేపటి నుంచే వాడండి. మధ్యరకం పసుపు అది. పాత పుస్తకాల్లో కె2 అనీ, నంబర్ 8 అనీ కనిపించేది దాదాపు ఇదే. ఆ నంబర్లు రాటెన్ నంబర్లు. ఫ్రెడరిక్ రాటెన్ అనే ఇంగ్లాండు తయారీదారు పేరు మీద వచ్చాయి, ఆయన కంపెనీని 1912లో కోడక్ కొనేసింది. ఒక్కో కంపెనీ తన సొంత పేర్లు పెట్టుకోవడంతో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు గందరగోళం. మీ ఆర్60 మాత్రం తన సంగతి తనే చెబుతోంది. సుమారు 600 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను ఆపేస్తుందని అర్థం. అంటే మామూలుగా 25 అని పిలిచే ఎరుపుకు దగ్గర చుట్టం.

పసుపు ఎందుకంటే, మన కంటితో పోలిస్తే ఫిల్మ్ నీలాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫోటో ప్లేట్లకు నీలం, ఊదా తప్ప దాదాపు ఏమీ కనిపించేవి కావు. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమల్షన్‌కు (ప్లేటు మీద వెలుగును పట్టే పూతకు) రంగు అద్దకాలు కలిపితే మిగతా రంగులు కూడా పడతాయని కనుక్కున్నాక పరిస్థితి మారింది. అయినా నీలం మీద మోజు పూర్తిగా పోలేదు. అందుకే కంటికి నిండు నీలంగా కనిపించిన ఆకాశం ప్రింట్‌లో వెలిసిపోతుంది, మబ్బులు అందులో కలిసిపోతాయి. పసుపు ఫిల్టర్ ఆ నీలంలో కొంత కోసేసి, కన్ను చూసినదానికి దగ్గరగా తెస్తుంది. ఫోటో చూసినవాళ్లకు ఫిల్టర్ వాడారన్న అనుమానం కూడా రాదు. నేను బయట తీసే బ్లాక్ అండ్ వైట్‌లో సగానికి పైగా పసుపుతోనే తీస్తాను.

ఎరుపు అలా కాదు, అది నాటకం. నీలాకాశం నల్లబడుతుంది, మబ్బులు ఉబికి వస్తాయి. 1927 ఏప్రిల్‌లో ఆన్సెల్ ఆడమ్స్ యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండను తీసినప్పుడు మొదట పసుపు ఫిల్టర్‌తో ఒక గాజు ప్లేటు వాడాడు. తన మనసులో ఉన్న నల్లటి ఆకాశం దాంతో రాదనిపించి, మిగిలిన ఒకే ఒక్క ప్లేటును 29 నంబర్ ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. అందరికీ తెలిసిన ఫోటో ఆ రెండోదే. అది చూసి ఎరుపు కొనేసి, మబ్బు పట్టిన రోజున బయటికెళ్లి, ఏమీ మారలేదేమిటని అడిగేవాళ్లు చాలామంది. మారదు మరి. బూడిద రంగు మేఘంలో కోయడానికి నీలమే లేదు. ఎండ రోజున కూడా నెత్తి మీది ఆకాశం నీలంగా ఉంటుంది కానీ కిందికి దిగేకొద్దీ తెల్లబారుతుంది. అక్కడ ఫిల్టర్ ప్రభావం కూడా పల్చబడుతుంది. సూర్యుడు మీ వెనక గానీ పక్కన గానీ ఉండాలి. సూర్యుడికి ఎదురుగా తిరిగితే ఆ దిక్కున ఉన్నది నీలం కాదు, తెల్లటి వెలుగు.

ఎరుపు గురించి ఇంకో సంగతి చాలామంది చెప్పరు. ఎండలో నీడలన్నీ పై నుంచి ఆకాశపు నీలి వెలుగుతోనే వెలుగుతాయి. ఎరుపు ఆ నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి నీడలు కూడా నల్లబడిపోతాయి. చెట్టు కింద కూర్చున్న మనిషి మాయమవుతాడు. నీడలో వివరం కావాలంటే, కింద చెప్పబోయే లెక్క ప్రకారం పెంచినదానికి మరో అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగును రెట్టింపు లేదా సగం చేయడం) కలపండి, లేదా నారింజకు దిగండి. నిజానికి మీ ఐదింటిలో లేనిది, నేను కొనమని చెప్పే ఒకే ఒకటి నారింజ. ఆకాశానికి సరిపడా బలం ఉంటుంది, నీడల్ని మరీ చంపదు. ఇటుక గోడలు, రాతి కట్టడాలు దాంతో బాగా నిగ్గు తేలతాయి.

దూరపు కొండల మీద సన్నటి నీలి పొరలా కనిపించేదాన్ని ఎరుపు, నారింజ బాగా కోస్తాయి. పొగమంచును మాత్రం కోయలేవు. ఆ నీలి పొర గాలిలోని అతి సన్నటి కణాల వల్ల వచ్చేది, నీలాన్నే ఎక్కువ చెదరగొడుతుంది. మంచు బిందువులు వాటికంటే చాలా పెద్దవి, అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడతాయి. అలాంటి చోట రంగు ఫిల్టర్‌కు చేయడానికేమీ మిగలదు.

ముఖాల సంగతి. ఎరుపు పెడితే చర్మం తేలికవుతుంది, మచ్చలు, మొటిమల ఎరుపు తగ్గుతాయి. కానీ పెదవులు కూడా చర్మంలో కలిసిపోతాయి. చామనఛాయ ముఖం ఎరుపుతో మెరిసినట్టు వస్తుంది, ఆకుపచ్చతో ఇంకా ముదురుగా, గీతలన్నీ తేలి వస్తుంది. వయసు మళ్లినవారి ముఖంలో ముడతల అందం పట్టుకోవాలంటే ఆకుపచ్చ మంచిదే, కానీ ఎవరినైనా మొదటిసారి తీస్తున్నప్పుడు దాని జోలికి వెళ్లకండి. లేత పసుపు, లేదా ఏమీ లేకపోవడం క్షేమం.

ఇక ఎక్స్‌పోజర్. ఫిల్టర్ వాడి ఫోటోలు పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది తప్పు రంగు ఎంచుకుని కాదు, ఇక్కడ పొరబడి పోగొట్టుకుంటారు.

ఫిల్టర్ కొంత వెలుగును మింగేస్తుంది. ఎంత అన్నది ఫ్యాక్టర్ రూపంలో చెబుతారు, అంటే వెలుగును ఎన్ని రెట్లు పెంచాలో. పసుపు 2, నారింజ 4, ఎరుపు 8. వీటిని స్టాపుల్లోకి మారిస్తే 1, 2, 3. ఫ్యాక్టర్‌ను స్టాపుగా పొరబడటం కొత్తలో అందరూ చేసేదే. ఎరుపు 8 అంటే ఎనిమిది స్టాపులు కాదు, మూడే. ఉదాహరణకి ఐఎస్‌ఓ 400 ఫిల్మ్, నిండు ఎండ, ఫిల్టర్ లేకుండా 1/500, ఎఫ్/16. పసుపు పెడితే ఎఫ్/11, నారింజకు ఎఫ్/8, ఎరుపుకు ఎఫ్/5.6. అపర్చర్ మార్చడం ఇష్టం లేకపోతే ఎరుపుకు షట్టర్‌ను 1/60కి తేవాలి. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఫ్యాక్టర్లను గుణించాలి, స్టాపులనైతే కూడాలి. అయితే పసుపు మీద ఎరుపు పెట్టడంలో అర్థం లేదు. ఎరుపు కోసేదాంట్లో పసుపు కోసేది ముందే ఉంది.

మరి కెమెరాలో మీటర్ ఉందిగా? ఉంటే అది ఎక్కడి నుంచి చూస్తుందో కనుక్కోండి. మీ ఎస్‌ఎల్‌ఆర్‌లో మీటర్ లెన్స్ గుండా వచ్చిన వెలుగునే కొలుస్తుంది. అంటే ఫిల్టర్ మింగిన వెలుగు దానికి ముందే తెలుసు. అప్పుడు మీరు మళ్లీ పెంచితే ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టు. నెగటివ్ ఫిల్మ్ దాన్ని కొంతవరకు భరిస్తుంది కానీ ఎరుపుతో మూడు స్టాపులు ఎక్కువైతే నెగటివ్ నల్లగా, దట్టంగా వస్తుంది, స్కానర్ దాని గుండా చూడటానికే తంటాలు పడుతుంది. రేంజ్‌ఫైండర్లలో (లెన్స్ గుండా కాక విడి కిటికీ గుండా చూసే కెమెరాల్లో) రెండు రకాలున్నాయి. కానోనెట్ క్యూఎల్17 జీ3 లాంటి వాటిలో మీటర్ కన్ను లెన్స్ చుట్టూ ఉన్న రింగు లోపలే ఉంటుంది, ఫిల్టర్ బిగిస్తే కన్ను మీదా పడుతుంది. యాషికా ఎలక్ట్రో 35లో కన్ను బాడీ ముందు భాగంలో విడిగా ఉంటుంది, ఫిల్టర్ ఉన్న సంగతే దానికి తెలియదు. అలాంటి కెమెరాలో తేలికైన ఉపాయం ఐఎస్‌ఓ తగ్గించి పెట్టుకోవడం. 400 ఫిల్మ్‌కు పసుపుతో 200, నారింజతో 100, ఎరుపుతో 50. ఫిల్టర్ తీసిన వెంటనే మళ్లీ 400కి తేవాలి.

ఐఎస్‌ఓ మార్చడం మర్చిపోతే ఏమవుతుందో నా అనుభవం చెబుతాను. బాడీ మీద కన్ను ఉన్న కెమెరాకు నారింజ బిగించి, ఐఎస్‌ఓ మార్చకుండా ముప్ఫై ఆరు ఫ్రేములు తీశాను. రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్ గుండా చూడం కాబట్టి రంగు కళ్లకు కనిపించదు, గుర్తుచేసేదేమీ ఉండదు. కడిగాక రోల్ మొత్తం గాజు కాగితంలా పల్చగా వచ్చింది. అప్పటి నుంచి ఫిల్టర్ పెట్టిన ప్రతిసారీ కెమెరా పట్టీకి ఒక రబ్బరు బ్యాండు చుడతాను, తీసినప్పుడు విప్పుతాను. మొరటు పద్ధతే, కానీ ఆ తర్వాత అలా ఒక్క రోల్ కూడా పోలేదు.

లెన్స్ గుండా కొలిచే మీటర్‌నూ ఎరుపు దగ్గర పూర్తిగా నమ్మకండి. పెంటాక్స్ కె1000 లాంటి పాత కెమెరాల్లో మీటర్ కన్నుగా సీడీఎస్ (కాడ్మియం సల్ఫైడ్) సెల్ ఉంటుంది. దానికి ఎరుపు కాస్త ఎక్కువ కనిపిస్తుంది. ఫిల్మ్‌కు చేరుతున్నదానికంటే ఎక్కువ వెలుగుందనుకుని తక్కువ ఎక్స్‌పోజర్ చెబుతుంది. నికాన్ ఎఫ్‌ఎం2 తరం నాటి సిలికాన్ సెల్స్ ఈ విషయంలో మెరుగు. మీ కెమెరా ఏ రకమో తెలియకపోయినా తేల్చుకోవచ్చు. ఎండలో ఉన్న ఒక గోడను ఫిల్టర్ లేకుండా కొలవండి, తర్వాత ఫిల్టర్ పెట్టి కొలవండి. పసుపుకు తేడా ఒక స్టాపు, ఎరుపుకు మూడు స్టాపులు రావాలి. ఎరుపుకు రెండే చూపిస్తే మీ మీటర్ ఒక స్టాపు మోసం చేస్తోందన్నమాట. గోడ తెల్లగానో, బూడిదగానో ఉండాలి సుమా, ఎర్ర ఇటుక గోడ మీద ఈ పరీక్ష చెల్లదు. నేనైతే ఎరుపు, నారింజలకు మీటర్‌ను అడగను. ఫిల్టర్ లేకుండా కొలిచి, స్టాపులు చేత్తో పెంచి, ఫిల్టర్ బిగించి తీస్తాను.

ఎరుపు బిగించాక వ్యూఫైండర్ చీకటైపోతుంది, ఫోకస్ చేయడం కష్టం. ముందే ఫోకస్ చేసి తర్వాత బిగించడం ఒక దారి. బిగించేటప్పుడు ఫోకస్ రింగు తిరగకుండా చూసుకోండి. ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ ఎప్పుడైనా కొంటే ఎరుపు ఫిల్టర్ ఇంట్లోనే వదిలేయండి. ఆ ఫిల్మ్‌కు ఎరుపు కనిపించదు, ఎరుపు తప్ప ఇంకేమీ రానివ్వని ఫిల్టర్ పెడితే మిగిలేది ఖాళీ నెగటివ్.

పీఎల్ అంటే పోలరైజర్. మీ ఐదింటిలో బ్లాక్ అండ్ వైట్‌కూ కలర్‌కూ పనికొచ్చేది, కంప్యూటర్‌లో ఎంత కుస్తీ పట్టినా రానిది ఇదొక్కటే. నీటి మీద, గాజు మీద, తడి ఆకుల మీద మెరుపును తీసేసి అడుగున ఉన్నదాన్ని చూపిస్తుంది. ఆ మెరుపు కింద ఉన్నది ఫిల్మ్ మీద పడకపోతే తర్వాత ఎక్కడి నుంచి తెస్తాం? నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది, నిటారుగా కిందికి చూస్తే పనిచేయదు. నునుపైన లోహం మీది మెరుపునూ ఏమీ చేయలేదు. ఆకాశంలో సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న భాగం బాగా ముదురుతుంది. చూపుడు వేలును సూర్యుడి వైపు చాచి, బొటనవేలిని దానికి అడ్డంగా నిలిపి తిప్పండి. బొటనవేలు చూపించిన దిక్కులన్నీ ఆ 90 డిగ్రీలే. 50 ఎంఎం లెన్స్‌తో ఇబ్బంది లేదు కానీ 24 ఎంఎం లాంటి వైడ్ లెన్స్‌తో ఆకాశం మధ్యలో ముదురు పట్టీ పడి, రెండు వైపులా వెలిసినట్టు వస్తుంది, చూడటానికి బాగోదు.

పోలరైజర్లలో లీనియర్, సర్క్యులర్ అని రెండు రకాలు. ఉత్త పీఎల్ అని రాసి ఉందంటే సాధారణంగా లీనియరే. కె1000, ఎఫ్‌ఎం2 లాంటి మాన్యువల్ ఫోకస్ కెమెరాలకు అది చక్కగా సరిపోతుంది, అనవసరంగా సర్క్యులర్ కొనకండి. ఆటోఫోకస్ కెమెరాలకు, అద్దం గుండా కొంత వెలుగును మీటర్‌కు పంపే నికాన్ ఎఫ్3 లాంటి వాటికి సర్క్యులర్ కావాలి. మీది ఏదో తేల్చుకోవడానికి ఎల్‌సీడీ స్క్రీన్ ముందు పట్టుకుని తిప్పండి. ముందు వైపు నుంచి చూసినా, తిరగేసి చూసినా ఏదో ఒక కోణంలో నల్లబడితే లీనియర్. ఒకవైపు నుంచి మాత్రమే నల్లబడితే సర్క్యులర్. ఎటూ నల్లబడకపోతే పాడైపోయింది. దాంతోపాటు అంచుల దగ్గర నూనె మరకలా రంగులు తేలుతున్నాయేమో చూడండి. గాజుల మధ్య పొర విడిపోతున్న గుర్తు అది. పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తింటుంది.

వాడాక మర్చిపోయి లెన్స్ మీదే ఉంచేయకండి. సాయంత్రం వెలుగు తగ్గాక ఆ రెండు స్టాపుల కోసం షట్టర్ సెకన్లలోకి వెళితే ఇంకో చిక్కు. ఎక్కువ సేపు తెరిచి ఉంచినప్పుడు ఫిల్మ్ మొండికేస్తుంది, లెక్క ప్రకారం ఇచ్చిన వెలుగు చాలదు. ఇల్‌ఫోర్డ్ వాళ్లు తమ ఫిల్మ్‌లకు దీనికి సూత్రం ఇచ్చారు. హెచ్‌పీ5 ప్లస్‌కైతే కొలిచిన సెకన్లకు 1.31 ఘాతం. మీటర్ 10 సెకన్లు చెబితే ఇవ్వాల్సింది సుమారు 20, 30 చెబితే సుమారు 86. జలపాతాల కోసం ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించేది) కొన్నప్పుడు కూడా ఈ లెక్క తప్పదు.

80ఏ నీలి ఫిల్టర్‌ను డబ్బాలో పెట్టేయండి. పగటి వెలుగుకు, అంటే దాదాపు 5500 కెల్విన్‌కు (వెలుగు రంగును కొలిచే ప్రమాణం) తయారుచేసిన కలర్ ఫిల్మ్‌ను 3200 కెల్విన్ బల్బుల కింద వాడటానికి పుట్టిందది. రెండు స్టాపులు మింగుతుంది. అసలే వెలుగు తక్కువ ఉన్న గదిలో 400 ఫిల్మ్ కాస్తా 100 అయిపోతే చేతితో పట్టుకుని తీయడం అయ్యే పని కాదు. స్లైడ్ ఫిల్మ్ తీసేవాళ్లకు, ట్రైపాడ్ ఉన్నవాళ్లకు ఇంకా దారి అదే. మీరు నెగటివ్ తీస్తారు కాబట్టి ఒక స్టాపు ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇచ్చి, పసుపుదనాన్ని స్కాన్‌లో సరిచేసుకోండి. అలాంటి బల్బు వెలుగులో ఫిల్మ్‌లోని నీలి పొరకు తిండి తక్కువ పడుతుంది, ఆ అదనపు స్టాపు దానికోసం. దీనికి ఎదురు వ్యవహారం 85 ఫిల్టర్, టంగ్‌స్టన్ ఫిల్మ్‌ను (బల్బు వెలుగుకు తయారుచేసినదాన్ని) పగలు వాడటానికి. కోడక్ విజన్3 500టీ అనే అలాంటి సినిమా ఫిల్మ్‌ను పగలు 85తో తీసేటప్పుడు ఐఎస్‌ఓ 320గా లెక్కపెట్టమని కోడక్ చెబుతుంది.

స్కైలైట్ అంటే దాదాపు పారదర్శకంగా, కొంచెం గులాబీ ఛాయతో ఉండేది. యూవీ కిరణాలు ఫిల్మ్ మీద నిజంగానే పడతాయి కాబట్టి ఎత్తైన కొండల్లో, సముద్రం ఒడ్డున దీనికి కొంత ప్రయోజనం ఉంది. అయితే చాలావరకు లెన్స్ గాజే యూవీని ఆపేస్తుంది. లెన్స్‌కు రక్షణగా ఎప్పుడూ బిగించి ఉంచాలా అన్న వాదనలో నాది ఒకటే మాట: దుమ్ము, ఉప్పు గాలి, పిల్లల వేళ్లు ఉన్నచోట పెట్టండి, రాత్రి తీసేయండి. కోటింగ్ లేని పాత ఫిల్టర్‌తో రాత్రి వీధి దీపాలు తీస్తే ప్రతి దీపానికీ ఫ్రేములో ఎదురు మూలన ఒక మసక దీపం పడుతుంది. ఎస్‌ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో అది సులువుగా కళ్లకు ఆనదు, కడిగాకే తెలుస్తుంది. లెన్స్‌కు గీత పడకూడదని పెట్టుకుంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. రక్షణకే అయితే లెన్స్ హుడ్ మేలు, దెబ్బనూ ఆపుతుంది, ఎదురు వెలుగునూ ఆపుతుంది.

నారింజ కొనేటప్పుడు సైజు చూసుకోండి. లెన్స్ ముందు అంచు మీద గానీ, లెన్స్ మూత లోపల గానీ 49, 52, 55 అని రాసి ఉంటుంది. అది ఫిల్టర్ వ్యాసం, 50 ఎంఎం అన్న ఫోకల్ లెంగ్త్ కాదు. రేపు పెద్ద లెన్స్ కొనే ఉద్దేశం ఉంటే పెద్ద సైజు ఫిల్టర్ కొని, చిన్న లెన్స్‌కు స్టెప్-అప్ రింగు వేసుకోండి. పెద్ద లెన్స్‌కు చిన్న ఫిల్టర్ వేస్తే మూలలు నల్లబడతాయి. పాతవి కొంటే దీపానికి ఎదురుగా పెట్టి చూడండి. సన్నటి గీతలు పెద్దగా నష్టం చేయవు, సాలెగూడులా ఫంగస్ ఉంటే మాత్రం వద్దు, లెన్స్‌కూ అంటుకోవచ్చు.

ఫిల్టర్ ఇరుక్కుపోతే గట్టిగా నొక్కి తిప్పకండి. నొక్కేకొద్దీ రింగు కోడిగుడ్డులా సాగి ఇంకా బిగుస్తుంది. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టి, వేళ్లతో తేలిగ్గా, అన్ని వైపులా సమానంగా పట్టుకుని తిప్పండి. బిగించేటప్పుడు ఆగినచోట ఆపేస్తే ఈ అవస్థే ఉండదు.

మొదటి రోల్ ఇలా తీసి చూడండి. ఎండ, మబ్బులు రెండూ ఉన్న రోజున ఒకే దృశ్యాన్ని ట్రైపాడ్ మీద నుంచి ఫిల్టర్ లేకుండా ఒకటి, పసుపుతో ఒకటి, ఎరుపుతో మీటర్ చెప్పినట్టు ఒకటి, ఎరుపుతోనే, ఫిల్టర్ లేకుండా కొలిచినదానికి చేత్తో మూడు స్టాపులు పెంచి ఒకటి తీయండి. అదే పద్ధతిలో ఒక ముఖం, ఒక చెట్టు. ఏ ఫ్రేము ఏదో కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు. స్కాన్ చేయించేటప్పుడు ఆటో కరెక్షన్ ఆపమని చెప్పండి, లేకపోతే యంత్రం అన్నింటినీ ఒకే వెలుగుకు తెచ్చేస్తుంది, మీరు వెతుకుతున్న తేడా అక్కడే పోతుంది. స్కాన్‌ల కంటే ముందు నెగటివ్‌లనే కిటికీ వెలుగుకు పట్టి చూడండి. ఎరుపు ఫ్రేములు రెండింటిలో మీటర్ చెప్పినది పల్చగా ఉంటే, ఇకపై మీ కెమెరాలో ఎరుపుకు ఎంత కలపాలో తెలిసిపోయినట్టే.